డెరిక్ పేరున్న గుడ్డు

క్రాగ్‌షా, లాంకషైర్
ఫిబ్రవరి 18, 1968

అమ్మాయీ సీలియా,

ఇవాళ్టి నుంచి ఈస్టరు గుడ్లకి రంగు కోసం ఉల్లి పొట్టు దాచడం మొదలుపెట్టాను. కూరగాయల బండి హెరాల్డ్ దగ్గర బుట్టల అడుగున రాలిన పొట్టంతా ఊడ్పించి సంచిలో వేయించుకున్నాను. "ఏంటి బెర్తా, పాయలు నాకొదిలేసి పొట్టు పట్టుకుపోతున్నావ్, మతిగానీ పోయిందా?" అన్నాడు. "నీ పాయలకి లేని రంగు దీనికుంది, నోర్మూసుకుని సంచి పట్టు" అన్నాను. ఏటా వాడు అదే అంటాడు, ఏటా నేనూ అదే అంటాను. ఈసారి మాత్రం అన్నాక సంచి మూతి వాడే కట్టి మా గుమ్మందాకా మోసుకొచ్చాడు.

డెరిక్ లేని మొదటి ఈస్టరు ఇది. నవంబరులో నా కొడుకుని పూడ్చిపెట్టి వచ్చిన కొద్దిరోజులకే నువ్వు పిల్లల్ని తీసుకుని మీ అమ్మగారింటికి వెళ్లావు. నేనేమీ అనలేదు. ఒంటిచేత్తో ఇల్లు నడపడం ఎలా ఉంటుందో నాకు చెప్పాలా? కానీ ఈస్టరు సోమవారానికి పిల్లలు ఇక్కడ ఉండాలి. ఊరు ఊరంతా గుడ్లు దొర్లించడానికి నాబ్ గుట్ట ఎక్కుతుంటే మన పిల్లలు లేకపోవడమేమిటి? పోయినసారి మార్టిన్ గుడ్డుని గొర్రె తొక్కేసిందని వాడు ఎంత గొడవ చేశాడో గుర్తుందా? ఆ గొర్రె తరఫున డెరిక్ మోకాళ్ల మీద కూర్చుని క్షమాపణ చెప్పాడు. 

గ్వెన్‌కి చెప్పు, దాని గుడ్డుకి నేనే పొట్టు చుట్టి, గుడ్డ కట్టి, దారం బిగించి ఉడికిస్తానని. దొర్లించి తిన్నాక పెంకు నలిపే పని దానిదే. నలపకుండా వదిలేస్తే మంత్రగత్తెలు వాటిని పడవలు చేసుకుని తిరుగుతారని వాళ్ల నాన్న చెప్పిన దగ్గర్నుంచి దాని బూటు మడమకి తిరుగులేదు కదా.

ఏ రైలుకి వస్తున్నారో రాయి. నేను బాగానే ఉన్నాను.

మీ అత్త,
బెర్తా

*

వెల్డన్ గ్రీన్, సర్రే
మార్చి 3

గౌరవనీయులైన అత్తగారికి,

మీ ఉత్తరం అందింది. ఆలస్యంగా జవాబిస్తున్నందుకు మన్నించండి.

మేం ఈస్టరుకి రావడం లేదు. బాగా ఆలోచించే ఈ మాట రాస్తున్నాను. పిల్లలు ఇప్పుడిప్పుడే ఇక్కడ కుదురుకుంటున్నారు. మార్టిన్ నిద్రలో లేవడం తగ్గింది. గ్వెన్ వాళ్ల నాన్న మాట ఎత్తడం పూర్తిగా మానేసింది. ఆ గుట్టా, ఆ గుడ్లూ, ఆ జనం, అందరూ దగ్గరికి వచ్చి తల నిమిరి "అచ్చం డెరిక్కే" అనడం, ఇవన్నీ మానుతున్న పుండుని గిల్లడమే అవుతుంది. నా మాట కఠినంగా ఉంటే ఏం చెయ్యను, ఆ పిల్లల్ని రోజూ చూస్తున్నది నేను.

ఈస్టరు సోమవారం అమ్మ మమ్మల్ని ఇక్కడి పెద్ద తోటకి తీసుకెళుతోంది. డాఫొడిల్ పూలు చాలా బాగుంటాయి. పిల్లలకి కొత్త కోట్లు కుట్టించింది. గ్వెన్‌కి తెల్ల చేతి తొడుగులు కూడా.

మరో సంగతి. వేరే వాళ్ల ద్వారా తెలిస్తే బాధపడతారని నేనే రాస్తున్నాను. కొత్త బడిలో పిల్లలకి విన్‌స్లో అని మా ఇంటి పేరు రాయించాం. ఇక్కడ అందరికీ తెలిసిన పేరు, ప్రశ్నలు తక్కువ వస్తాయని అమ్మ అంది. నాకూ అదే మేలనిపించింది.

వేసవి సంగతి తర్వాత చూద్దాం.

నమస్కారాలతో,
సీలియా

*

క్రాగ్‌షా, లాంకషైర్
మార్చి 9

వెల్డన్ గ్రీన్ విన్‌స్లో భవంతిలో వేంచేసి ఉన్న శ్రీమతి సీలియా గారికి,

తమరి ఉత్తరం చదివి ధన్యురాలినయ్యాను. తెల్ల చేతి తొడుగులా! మా గ్వెన్‌కా! కప్పని జేబులో పెట్టుకుని చర్చికి వచ్చిన గ్వెన్‌కా! అవి ఎన్నాళ్లు తెల్లగా ఉంటాయో తమరి తల్లిగారు కాస్త రాసి పెట్టుకుంటే బాగుంటుంది.

అసలు సంగతికి వస్తాను. గుట్ట ఎక్కొద్దన్నావు, మింగాను. వేసవి తర్వాత చూద్దామన్నావు, అదీ మింగాను. నా కొడుకు పేరు కొట్టేశావు చూశావా, అది నా గొంతు దిగదు సీలియా. డెరిక్ ఒగ్డెన్ దొంగతనం చేశాడా? ఎవరినైనా చంపాడా? గుండె ఆగిపోతున్న క్షణంలో కూడా తను నడుపుతున్న బస్సుని రోడ్డు పక్కకి తీసి, బ్రేకు వేసి, ఆ తర్వాత స్టీరింగు మీద తల వాల్చాడు. లోపలున్న జనంలో ఒక్కరికి గీత పడలేదు. అలాంటి పేరు చెప్పుకోవడానికి నీ పిల్లలు సిగ్గుపడాలా? ప్రశ్నలు వస్తాయట! రానియ్. జవాబు చెప్పడం నేర్పు. టీచరువే కదా నువ్వు.

గ్వెన్ వాళ్ల నాన్న మాట ఎత్తడం మానేసిందని సంతోషంగా రాశావు. ఎత్తితే నీ మొహం ఎలా మారుతుందో చూసి మానేసి ఉంటుంది. దానికి ఎనిమిదేళ్లు, గుడ్డిది కాదు.

మీరు రాకపోతే గుడ్లే అక్కడికి వస్తాయి. పేర్లు రాసి పంపిస్తాను. అయిదు. నీకొకటి, పిల్లలకి రెండు, డెరిక్‌కి ఒకటి. అయిదోది మీ అమ్మగారికి. నన్ను పిసినారి అనుకోకూడదు చూడు. 

నేనే వచ్చి నీ ముందు నిలబడి ఈ మాటలు అనేదాన్ని. ఇక్కడ పనులు తెమలక ఉండిపోయాను.

బెర్తా ఒగ్డెన్
(పేరు పూర్తిగా రాశాను, చూసుకో)

*

వెల్డన్ గ్రీన్
మార్చి 14

అత్తగారికి,

మీ ఉత్తరం అందింది. దయచేసి గుడ్లు పంపవద్దు.

సీలియా

*

వెల్డన్ గ్రీన్
ఏప్రిల్ 16, మంగళవారం

అత్తయ్యా,

అమ్మ తలనొప్పి అని తలుపేసుకుని పడుకుంది. ఆ తలనొప్పి నేనే. కాబట్టి ఈ ఉత్తరం తీరిగ్గా రాసే వీలు దొరికింది.

మీరు గుడ్లు సర్ది పంపిన చెప్పుల పెట్టె గురువారం వచ్చింది. పంపొద్దని రాసింది నేనే, వారం నుంచి తపాలా మనిషి అడుగుల చప్పుడుకి కిటికీ దగ్గరికి వెళ్లిందీ నేనే. తీరా అది వచ్చే వేళకి ఊళ్లోకి వెళ్లాను. అమ్మ విప్పింది. గోధుమరంగు మరకలతో ఉన్న గుడ్లని చూసి, దారిలో ఎక్కడో తడిసి పాడయ్యాయి పాపం అనుకుంది. కళ్లజోడు పెట్టుకోలేదు కాబట్టి మీరు మైనంతో రాసిన పేర్లు కనిపించలేదు. ఆ సాయంత్రం చర్చి ఆడవాళ్లు టీకి వస్తున్నారు. వరసగా ఒలిచి, చిదిపి, వెన్న కలిపి శాండ్‌విచ్‌లు చేసేసింది. తన పేరున్న గుడ్డు తనే ఒలిచింది అత్తయ్యా. ఇది తలుచుకుని నేను రెండు రోజులు నవ్వు ఆపుకోలేకపోయాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

నేనూ పిల్లలూ ఇంట్లోకి అడుగుపెట్టేసరికి పళ్లెంలో ఒలవని గుడ్డు ఒక్కటే మిగిలింది. గ్వెన్ చెత్తబుట్టలో పెంకులు చూసింది.

"ఏం చేశావ్ అమ్మమ్మా! అవి తినేవి కాదు, దొర్లించేవి!"

"గుడ్లు దొర్లించడమేమిటి తల్లీ? ఎవరైనా వింటే నవ్విపోతారు."

"నాన్న దొర్లించేవాడు! మా ఊరంతా దొర్లిస్తుంది!"

అయిదు నెలల తర్వాత దాని నోట నాన్న అన్న మాట అదే మొదటిసారి. ఆ మిగిలిన గుడ్డు లాక్కుని మెట్లెక్కి పరిగెత్తింది. పై మెట్టు మీద నుంచి "ఇది నాన్నది, ముట్టుకుంటే కరుస్తా" అని అరిచింది. అవును, మిగిలింది డెరిక్ గుడ్డే. చర్చి ఆడవాళ్లు శాండ్‌విచ్‌లు చాలా బాగున్నాయన్నారు. నేను ఒక్కటీ ముట్టుకోలేదు.

ఇక సోమవారం సంగతి. తోటకి వెళ్లాం. పూలు నిజంగానే బాగున్నాయి, అందులో అబద్ధం లేదు. దారి పొడవునా తాళ్లు కట్టి, గడ్డి మీద నడవరాదని బోర్డులు పెట్టారు. కుటుంబాలన్నీ ఇస్త్రీ బట్టల్లో ఆ తాళ్ల మధ్య మెల్లిగా నడుస్తున్నాయి. పిల్లలు కూడా మెల్లిగానే నడుస్తున్నారు. నాబ్ గుట్ట మీద అయితే ఆ వేళకి ఎంత గోల ఉంటుందో గుర్తొచ్చింది. తోట మధ్యలో కొలను, దాని పైన పచ్చటి వాలు. ఆ వాలుని చూడగానే గ్వెన్ చెయ్యి నా చేతిలో బిగిసింది. నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆపి ఉండాల్సింది, ఆపలేదు.

తాడు కింద నుంచి దూరి వాలు పైదాకా ఎక్కేసింది. కోటు జేబులోంచి గుడ్డు తీసింది. చేతి తొడుగులు విప్పి గడ్డి మీద పడేసింది. (అవి తెల్లగా ఉన్నది సరిగ్గా అంతవరకే. మీరు అడిగారు కదా.)

"సీలియా! పిల్లని పిలువు. అందరూ చూస్తున్నారు" అంది అమ్మ.

"చూడనీ అమ్మా."

నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ముప్పై మూడేళ్లొచ్చాయి, మా అమ్మకి ఎదురు చెప్పింది ఒక్కసారే, మీ అబ్బాయిని చేసుకున్నప్పుడు. గుడ్డు దొర్లింది. పూల పాదుల్ని తప్పించుకుని, రాయికి తగిలి ఎగిరి, మళ్లీ దొర్లింది. మార్టిన్ "నాన్న! నాన్న గెలుస్తున్నాడు!" అని ఎగురుతున్నాడు. తోట కాపలాదారు ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, బోర్డు కనపడలేదా? చదవడం రాదా?"

"వచ్చండీ. నేను టీచర్ని."

"ఎవరి పిల్ల అది?"

"నా పిల్ల. ఆ గుడ్డు నా మొగుడిది."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. అమ్మ గబగబా ముందుకొచ్చి, "క్షమించండి, మాది విన్‌స్లో కుటుంబం, ఇలాంటివి ఎప్పుడూ..." అని మొదలుపెట్టింది.

"ఆవిడ విన్‌స్లో అండీ. నేనూ నా పిల్లలూ ఒగ్డెన్. ఎవరికి ఫిర్యాదు చేసినా ఆ పేరే చెప్పండి, ఒగ్డెన్" అన్నాను. గట్టిగానే అన్నాను. అటుపక్క బెంచీ మీద వాళ్లు కూడా తిరిగి చూశారు.

తప్పు ఎలాగూ జరిగింది, ఇక సగంలో ఆపడం ఎందుకనిపించింది. అమ్మ టీ బుట్ట తెరిచాను. అందులో ఉడికించిన గుడ్లున్నాయి, తెల్లవి, ఉప్పు పొట్లంతో సహా. మార్టిన్‌కి ఒకటిచ్చాను. నేనొకటి తీసుకున్నాను. తాడు దగ్గర నోరు తెరుచుకుని నిలబడ్డ పిల్లలకి మిగతావి ఇచ్చేశాను. బూట్లు చేత్తో పట్టుకుని ఆ వాలు ఎక్కాను అత్తయ్యా. కాళ్ల కింద గడ్డి చల్లగా తగిలింది. పోయిన ఈస్టరుకి డెరిక్ నన్ను వెనక నుంచి తోస్తూ గుట్ట ఎక్కించిన సంగతి గుర్తొచ్చి, అందరి ముందూ గట్టిగా ఏడ్చాను. సమాధి దగ్గర రాని ఏడుపు అక్కడ వచ్చింది. కాపలాదారు ఇంకా ఈల ఊదుతూనే ఉన్నాడు. టై కట్టుకున్న ఒక పెద్దమనిషి "మా వాడి గుడ్డే ముందుంది" అని ఆయనతోనే వాదన పెట్టుకున్నాడు.

డెరిక్ గుడ్డు కొలను గట్టున ఆగి చిట్లింది. గ్వెన్ ఒలిచి తమ్ముడికి సగం పెట్టి, తను సగం తింది. పేరున్న వైపు పెంకు సగం చిప్పలా నిలిచింది. 

"నలుపు తల్లీ, మంత్రగత్తెలొస్తారు" అన్నాను, అలవాటు కొద్దీ.

"నలపను."

"నాన్న నలపమనేవాడు కదా?"

"మంత్రగత్తెలకి పడవ అవుతుందంటే నాన్నకీ అవుతుంది కదమ్మా. నాన్నకి కావాలి. నేను నలపను."

వంగి నీళ్ల మీద వదిలింది. కాసేపు తిరిగి, తేలుకుంటూ పోయింది. నేను మళ్లీ నలపమనలేదు. మమ్మల్ని తోట నుంచి పంపేశారు.

బడి తెరిచిన రోజే వెళ్లి పేర్లు మార్పిస్తాను. అమ్మకి చెప్పాను. ఆ తలనొప్పి అందుకే.

ఒకటి మాత్రం అడగాలి. మీరెందుకు రాలేదు? మీ సంగతి నాకు తెలుసు. అంత కోపమొస్తే గుడ్లు పంపి ఊరుకునే మనిషి కారు మీరు. రైలెక్కి వచ్చి మా అమ్మ కుర్చీలో కూర్చునేవారు.

మీ
సీలియా ఒగ్డెన్

*

క్రాగ్‌షా
ఏప్రిల్ 21

సీలియా తల్లీ,

ఉత్తరం నాలుగుసార్లు చదివించుకున్నాను. చదివింది హెరాల్డ్. కాపలాదారు దగ్గరికి వచ్చేసరికి వాడికి నవ్వుతో దగ్గు తెర వచ్చి మంచినీళ్లు పట్టాల్సి వచ్చింది. విన్‌స్లో దొరసాని తన గుడ్డు తనే ఒలుచుకుందన్న ముక్క ఇప్పటికి వీధి చివరిదాకా వెళ్లింది. ఆవిడకి చెప్పకు. లేదు, చెప్పు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఫిబ్రవరిలో నీకు మొదటి ఉత్తరం పోస్టు చేసి వస్తూ వాకిట్లో మంచు మీద జారిపడ్డాను. తుంటి విరిగింది. నీ మీద మండిపడుతూ రాసిన ఆ రెండో ఉత్తరం ఆసుపత్రి మంచం మీద రాసిందే. పైన ఇంటి ఊరి పేరు పెట్టాను, అంతే. నర్సు "ఎవరి మీదమ్మా అంత కోపం?" అంటే "నాకు చాలా ఇష్టమైన మనిషి మీద" అన్నాను. ఇంటికొచ్చాక గుడ్లు ఉడికించింది కూడా హెరాల్డే, నేను మంచం మీద నుంచి తిడుతుంటే. దారం సరిగ్గా కట్టడం ఇంకా రాలేదు వాడికి.

నీకెందుకు చెప్పలేదంటావా? చెబితే జాలిపడి వచ్చేదానివి. నాకు జాలి వద్దు. నా కొడుకు పిల్లలు వాడి గుట్ట ఎక్కాలని వస్తే అది రావడం. ముసలిది కాలు విరిగి పడుంది అని వస్తే అది పరామర్శ. పరామర్శలు నవంబరులో చాలా అయ్యాయి.

డాక్టరు మంచం దిగొద్దన్నాడు. ఈస్టరు సోమవారం దిగాను. ఊరంతా గుట్ట మీదికి పోయింది, వీధిలో పిల్లి కూడా లేదు. హెరాల్డ్ "నీ గుడ్డు నేను పట్టుకెళ్లి దొర్లిస్తాను, ఇటియ్యి" అన్నాడు. నా గుడ్డు ఇంకొకరు దొర్లించడమా? గడపలో కుర్చీ వేయించుకుని, మన రాళ్ల వీధి ఎంత ఏటవాలుగా ఉంటుందో తెలుసుగా, పైనుంచి వదిలాను. గడపలన్నీ దాటుకుంటూ పోయింది. వాడి బండి చక్రానికి తగలకపోతే కాలవలోనే పడేది. బండి అడ్డం పెట్టినందుకు వాణ్ణి ఇప్పటికీ తిడుతున్నాను.

పెంకు నలుపుదామంటే కాలు ఎత్తలేను. అందుకని కిటికీలో పెట్టి ఉంచాను. నీ ఉత్తరం చదివాక హెరాల్డ్ చేతికిచ్చి కాలవలో వదలమన్నాను. వాడు హడలిపోయాడు.

"బెర్తా, నలపకుండా వదిలితే మంత్రగత్తెలొస్తారే!"

"రానియ్. దాన్లో నా కొడుకు కూర్చుంటాడని వాడి కూతురు చెప్పింది. ఇన్నేళ్లు బుద్ధిగా నలిపి నేనేం బావుకున్నాను?"

గ్వెన్‌కి చెప్పు. వాళ్ల నాన్నకి ఇప్పుడు రెండు పడవలున్నాయని చెప్పు.

మే నెలాఖరున పిల్లలకి సెలవులొస్తాయి. ఈస్టరు అయిపోయాక గుడ్లు దొర్లించకూడదని ఇక్కడ కొందరంటారు. ఎవరు చెప్పారట? గుట్ట అక్కడే ఉంటుంది, వాలు ఎటూ పోదు. నేను పైదాకా రాలేను, కింద గేటు దగ్గర కుర్చీ వేసుకుని మీ గుడ్లు వచ్చే దారి చూస్తాను. జాలితో అయితే రావద్దు. గుట్ట ఎక్కడానికైతే రా.

మీ అత్త,
బెర్తా

*

వెల్డన్ గ్రీన్
మే 20

అత్తయ్యా,

శనివారం మధ్యాహ్నం రైలుకి వస్తున్నాం. బడిలో పేర్లు మారాయి. మార్టిన్ అడిగినవాడికీ అడగనివాడికీ "నేను ఒగ్డెన్ని, మా నాన్న బస్సు ఆపి చచ్చిపోయాడు" అని చెబుతున్నాడు. మొదట్లో వినలేకపోయాను. ఇప్పుడు నేనూ పక్కన నిలబడి వింటున్నాను.

కింద గేటు దగ్గర కుర్చీ అన్నారు. కుదరదు. ఆ కుర్చీకి రెండు కర్రలు కట్టి మిమ్మల్ని దాన్లోనే పైకి మోయాలని గ్వెన్ తీర్మానించింది. నేనొక వైపు, హెరాల్డ్ గారు ఇంకో వైపు. ఆయనకి ఇప్పుడే చెప్పి ఒప్పించండి. డాక్టరుకి చెప్పకండి. జాలితో కాదు లెండి. దొర్లించేటప్పుడు మిమ్మల్ని ఓడించాలంటే మీరూ పైనే ఉండాలి కదా.

అమ్మ నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. నిన్న మాత్రం వంటగదిలోకి వచ్చి, నేను ఉల్లిపాయలు ఒలిచి పొట్టు సంచిలో వేసుకుంటుంటే చూసింది. "ఆ చెత్త ఎందుకు?" అంది. "గుడ్లకి" అన్నాను. వెళ్లిపోతుందనుకున్నాను. అలమరలో అడుగున ఉన్న ఉల్లిపాయల బుట్ట తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

అన్నీ ఒలిచేశాను. ఈ వారమంతా ఇంట్లో ఉల్లిపాయ పులుసే.

మీ
సీలియా